పాత ఫిలడెల్ఫియా చూడాలంటే నది గట్టు నుంచి నడవండి

గంటతో మొదలుపెట్టకండి. ఫిలడెల్ఫియాకి వచ్చేవాళ్లలో చాలామంది కారు పార్క్ చేసి నేరుగా లిబర్టీ బెల్ క్యూలో నిలబడతారు. ఫొటో దిగుతారు, ఎదురుగా ఉన్న ఇండిపెండెన్స్ హాల్ చూస్తారు, ఇంక ఊరు చూడటం అయిపోయిందనుకుంటారు. వాళ్లు చూసింది 1776 ఒక్కటే, అంటే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు జరిగిన ఏడు. దాని వెనక తొంభై నాలుగేళ్ల ఊరు ఉంది. రేవు, ఇటుక ఇళ్లు, చర్చిలు, కాఫీ హౌసులు, బానిసల వేలాలు అన్నీ ఆ ఊరివే. ఆ ఊరిని చూడకుండా హాల్లోకి వెళితే, ఆ సంతకాలు ఇక్కడే ఎందుకు జరిగాయో ఎంతకీ అర్థం కాదు.

నేను ఈ ఊరి శివార్లలో ఉంటాను. చుట్టాలొచ్చినా స్నేహితులొచ్చినా పాత ఊరు తిప్పి చూపించే పని నాదే. అదంటే నాకు ప్రాణం. నేను తీసుకెళ్లే దారి ఒకటే: ఊరు పెరిగిన వరసలో నడవడం. డెలావేర్ నది గట్టు మీద మొదలై పడమరకి, తర్వాత దక్షిణానికి.

ముందు టికెట్టు సంగతి చూసుకోండి. ఇండిపెండెన్స్ హాల్ లోపలికి వెళ్లాలంటే ఫలానా టైముకి అని రాసున్న టికెట్టు కావాలి. ప్రవేశం ఉచితమే. రిక్రియేషన్ డాట్ గవ్‌లో ముందుగా బుక్ చేసుకుంటే టికెట్టుకి ఒక డాలరు తీసుకుంటారు. జులై 4 దగ్గర పడేకొద్దీ టికెట్లు దొరకడం కష్టం. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఉన్నది తీసుకోండి. పొద్దున తొమ్మిదికి నడక మొదలుపెడితే సరిగ్గా ఆ వేళకి అక్కడుంటారు. పెద్ద బ్యాగులు తేవద్దు, హాల్ దగ్గరా గంట దగ్గరా సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది.

కారులో వస్తే ఇండిపెండెన్స్ విజిటర్ సెంటర్ కింద పార్కింగ్ ఉంది. రైల్లో వస్తే 30వ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, ఈ ఊరి రవాణా సంస్థ అయిన సెప్టా వాళ్ల మార్కెట్ స్ట్రీట్ లైన్ పట్టుకుని తూర్పుకి సెకండ్ స్ట్రీట్ దాకా రండి. ఫిఫ్త్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర అందరూ దిగుతుంటారు, మీరు దిగకండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. సగం దారి ఎగుడుదిగుడు ఇటుకలూ బండరాళ్లే.

సెకండ్ స్ట్రీట్‌లో పైకి రాగానే ఒక బ్లాకు తూర్పుకి నడిస్తే ఫ్రంట్ స్ట్రీట్. లెక్కప్రకారం ఇదే ఫస్ట్ స్ట్రీట్. నదికి ఎదురుగా ఉన్న మొదటి వీధి కాబట్టి ఆ పేరు. అక్కడ ఎడమకి తిరిగి ఉత్తరానికి వెళ్లండి. వైన్ స్ట్రీట్ దాటాక వుడ్ స్ట్రీట్ దగ్గర రెండు గోడల మధ్య ఇరుకుగా రాతి మెట్లు కిందికి దిగుతుంటాయి. చూడటానికి ఏమీ ఉండదు, ఎవరూ ఆగరు. నాకు మాత్రం ఊరు అక్కడే మొదలవుతుంది.

అప్పట్లో నది ఒడ్డున ఎత్తైన గట్టు ఉండేది. మొదట వచ్చిన వలసదారుల్లో కొందరు ఇళ్లు లేవక ముందు ఆ గట్టులోనే గుహలు తవ్వుకుని కాపురం పెట్టారు. తర్వాత వ్యాపారులు గట్టు కింద గిడ్డంగులు కట్టుకుంటామన్నప్పుడు, పైనున్న ఊరి జనానికి నీళ్ల దాకా దారి మూసుకుపోకూడదని, ఈ ఊరు స్థాపించిన విలియమ్ పెన్ పట్టుబట్టాడు. అలా పుట్టిన మెట్ల దారుల్లో మిగిలింది ఈ ఒక్కటే. దిగి వాటర్ స్ట్రీట్‌లో నిలబడి పైకి చూడండి. గట్టు ఎత్తు ఎంతో కాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు నదికీ మనకీ మధ్య 95వ నంబర్ హైవే అడ్డొస్తుంది, నీళ్లు వెంటనే కనపడవు. కానీ రేవు ఉన్నది ఇక్కడే.

ఇక్కడే పెన్ కథ చెప్పుకోవాలి. ఇంగ్లండ్ రాజు రెండో ఛార్లెస్, పెన్ తండ్రి అయిన అడ్మిరల్‌కి 16,000 పౌండ్లు బాకీ పడ్డాడు. ఆ బాకీ కింద 1681 మార్చి 4న ఈ నేలంతా కొడుక్కి రాసిచ్చాడు. కొడుకు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాడు. ఇంగ్లండ్‌లో తన నమ్మకాల కోసం జైలుకి వెళ్లొచ్చినవాడు. ఏ దేవుణ్ని ఏ పద్ధతిలో కొలిచినా ఎవరూ అడగని చోటు కట్టాలనుకున్నాడు. 1682లో 'వెల్‌కమ్' అనే ఓడలో బయల్దేరాడు. దారిలో మశూచి సోకి ప్రయాణికుల్లో దాదాపు మూడోవంతు మంది చనిపోయారు.

లండన్‌లో 1665 ప్లేగునీ, మరుసటేడు ఊరు తగలబడటాన్నీ చూసిన తరం అతనిది. అందుకే ఇళ్లు ఒకదానికొకటి ఆనుకోని ఊరు కావాలన్నాడు. ప్రతి ఇంటి చుట్టూ తోట, తిన్నని వీధులు, అయిదు బహిరంగ చౌకాలు. సర్వేయర్ థామస్ హోమ్ గీసిన ప్లాను 1683లో లండన్‌లో అచ్చయింది. డెలావేర్ నది నుంచి స్కూల్‌కిల్ నది దాకా రెండు మైళ్ల దీర్ఘచతురస్రం అది. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధులకి నంబర్లు, తూర్పు పడమరలుగా పోయేవాటిలో చాలావాటికి చెట్ల పేర్లు: చెస్ట్‌నట్, వాల్‌నట్, స్ప్రూస్, పైన్. ఫోన్‌లో మ్యాప్ తీసి చూడండి, ఆ గీతలే ఇవాళ్టికీ ఉన్నాయి.

కానీ జనం ఆ ప్లానులా బతకలేదు. సరుకూ డబ్బూ ఓడల్లో వస్తుంటే రెండు మైళ్ల అవతల తోట ఎవరికి కావాలి? అందరూ డెలావేర్ ఒడ్డునే ఇరుక్కున్నారు. పెద్ద స్థలాలు కొన్నవాళ్లు వాటిని ముక్కలు చేసి అమ్ముకున్నారు, ముక్కల మధ్య సందులు లేచాయి. పెన్ గీసిన ఊరికీ జనం కట్టుకున్న ఊరికీ మధ్య ఉన్న తేడాని పట్టుకోండి. ఈ నడకలో ప్రతి మలుపూ దాన్నే చూపిస్తుంది.

ఆ సందుల్లో ఒకటి ఎల్‌ఫ్రెత్స్ అలీ. ఫ్రంట్ స్ట్రీట్ మీదే వెనక్కి, ఆర్చ్ స్ట్రీట్ వైపు నడుస్తుంటే కుడిచేతి పక్కన వస్తుంది. 1702 ప్రాంతంలో ఇద్దరు కమ్మరులు చెరికొంత స్థలం వదిలి తెరిచిన దారి. తర్వాత ఇక్కడ ఇళ్లున్న జెరమయా ఎల్‌ఫ్రెత్ కూడా కమ్మరే. 1728 నుంచి 1836 మధ్య కట్టిన 32 ఇళ్లున్నాయి. వాటిలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు కాబట్టి కిటికీల్లోంచి తొంగిచూడకండి, గట్టిగా మాట్లాడకండి. పది గంటలకి ముందే వెళితే సందంతా మీదే.

ఇక్కడ తొందరపడొద్దు. ఒక గోడ ముందు ఆగి ఇటుకలు చూడండి. ఒక ఇటుక పొడుగ్గా, దాని పక్కది తల మాత్రం కనపడేలా అడ్డంగా, మళ్లీ పొడుగ్గా పేర్చుకుంటూ వెళ్లారు. కొన్ని గోడల్లో ఆ అడ్డం ఇటుకల తలలు నల్లగా, గాజు పూసినట్టు మెరుస్తుంటాయి. కట్టెలతో కాల్చే బట్టీలో మంటకి దగ్గరగా ఉన్న ఇటుకలకి ఆ మెరుపు వచ్చేది. తాపీవాళ్లు వాటిని ఏరి ముఖంగోడలో అందానికి వాడేవారు. గుమ్మం పక్కన నేల దగ్గర చిన్న ఇనపపట్టీ ఉంటుంది, బూట్లకంటిన బురద గీకడానికి. మేడమీద కిటికీ బయట కమ్మీకి బిగించిన అద్దాలు కనపడితే, అవి తలుపు కొట్టింది ఎవరో పైనుంచే చూసుకోవడానికి.

తలెత్తి చూస్తే కొన్ని ఇళ్ల ముందుగోడ మీద పలక కనపడుతుంది. నాలుగు చేతులు ఒకదాని మణికట్టు ఒకటి పట్టుకుని చతురస్రంలా ఉంటే, అది 1752లో, అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన మిత్రులు పెట్టిన అగ్నిప్రమాద బీమా సంఘం గుర్తు. చెట్టు బొమ్మ ఉంటే ఇంకో సంఘానిది. మొదటి సంఘం ఇంటి ముందు చెట్లుంటే బీమా ఇవ్వనంది. అలాంటి ఇళ్లవాళ్లు 1784లో కలిసి రెండోది పెట్టుకున్నారు, చెట్టునే గుర్తుగా పెట్టుకున్నారు. పిల్లలుంటే ఈ పలకలు వెతికే పని వాళ్లకి అప్పజెప్పండి, మిగతా నడకంతా వాళ్లే ముందుంటారు.

అలీ నుంచి సెకండ్ స్ట్రీట్‌లోకి వస్తే దక్షిణాన క్రైస్ట్ చర్చ్ గోపురం కనపడుతుంది. 1727లో కట్టడం మొదలైంది. 1754లో పూర్తయిన ఆ గోపురం ఎత్తు 196 అడుగులు. అర్ధశతాబ్దం పైగా దేశంలో అంత ఎత్తు కట్టడం ఇంకొకటి లేదు. లోపల, పెన్‌కి పసితనంలో బాప్తిస్మం ఇచ్చిన తొట్టి ఉంది, లండన్ చర్చి నుంచి వచ్చింది. ఫ్రాంక్లిన్ సమాధి ఈ ఆవరణలో లేదు, ఫిఫ్త్, ఆర్చ్ స్ట్రీట్లు కలిసేచోట ఈ చర్చిదే అయిన శ్మశానంలో ఉంది. దాని కోసం ప్రత్యేకంగా లోపలికి వెళ్లక్కర్లేదు, ఇటుక గోడలో కమ్మీల సందు నుంచి కనపడుతుంది. దారిలో బెట్సీ రాస్ ఇల్లు వస్తుంది. అమెరికా మొదటి జెండా ఆమే కుట్టిందన్న కథని ఆమె మనవడు 1870లో బయటపెట్టాడు. అంతకుముందు కాగితాల్లో ఆధారం లేదు. పద్దెనిమిదో శతాబ్దపు పనివాళ్ల ఇల్లు ఎంత ఇరుకో చూడాలంటే వెళ్లండి, లేకపోతే దాటేయొచ్చు.

మార్కెట్ స్ట్రీట్ మీదకి వచ్చి ఒక్కసారి ఫ్రంట్ స్ట్రీట్ మూల దాకా రండి. 1754లో ఇక్కడ లండన్ కాఫీ హౌస్ తెరిచారు. వ్యాపారులు, ఓడల కెప్టెన్లు, అధికారులు కూర్చుని బేరాలు మాట్లాడుకునేవారు. దాని ముందే ఆఫ్రికన్లని నిలబెట్టి వేలం వేసేవారు. ఇప్పుడు ఒక చారిత్రక ఫలకం ఉంది, అంతే. పెన్ వచ్చిన రెండేళ్లకే, 1684లో 'ఇసబెల్లా' అనే ఓడ 150 మంది బానిసల్ని ఈ రేవులో దింపింది. ఎవరి దేవుణ్ని వాళ్లు కొలుచుకునే స్వేచ్ఛ కోసం ఊరు కట్టిన పెన్ కూడా బానిసల్ని ఉంచుకున్నాడు. మీతో వచ్చినవాళ్లకి ఈ మూల చూపించకుండా ముందుకి వెళ్లకండి. ఇది చూడకపోతే సాయంత్రం గంట దగ్గర చదివే మాటలకి బరువు రాదు.

ఇదే వీధి చివరి రేవులో 1723 అక్టోబరులో పదిహేడేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ పడవ దిగాడు. బోస్టన్‌లో అన్న దగ్గర పని వదిలేసి పారిపోయి వచ్చాడు. మూడు పెన్నీలకి మూడు పెద్ద రొట్టెలు కొని, చెరో చంకలో ఒకటి పెట్టుకుని, మూడోది తింటూ మార్కెట్ స్ట్రీట్‌లో ఫోర్త్ స్ట్రీట్ దాకా నడిచానని ఆయనే రాసుకున్నాడు. దారిలో గుమ్మంలో నిలబడి అతని వాలకం చూసిన డెబొరా రీడ్ తర్వాత అతని భార్య అయింది. చెస్ట్‌నట్, వాల్‌నట్ వీధుల మీదుగా మళ్లీ రేవుకే వచ్చి, మిగిలిన రెండు రొట్టెలూ పడవలో తనతో వచ్చిన తల్లీబిడ్డలకి ఇచ్చేశాడు. మీరు నడిచే దారిలో సగం ఆ అబ్బాయి నడిచిందే.

మార్కెట్ స్ట్రీట్‌లో థర్డ్, ఫోర్త్ స్ట్రీట్ల మధ్య ఒక కమాను కింద నుంచి లోపలికి వెళితే ఫ్రాంక్లిన్ కోర్ట్. ఆయన ఇంటిని 1812లో పడగొట్టేశారు. అది ఎలా ఉండేదో కచ్చితంగా తెలియదు కాబట్టి, 1976లో ఆర్కిటెక్ట్ రాబర్ట్ వెంచురీ నకిలీ ఇల్లు కట్టకుండా ఉక్కు చట్రంతో దాని ఆకారం మాత్రం నిలబెట్టాడు. నాకు ఈ నిజాయితీ చాలా నచ్చుతుంది. నేలలో అద్దాల కింద అసలు పునాదులు, మరుగుదొడ్డి గుంటలు కనపడతాయి. ఇల్లు పూర్తవుతున్నప్పుడు ఫ్రాంక్లిన్ లండన్‌లో ఉన్నాడు. మిగిలిన పనంతా డెబొరాయే చూసుకుంది. వాళ్ల ఉత్తరాల్లోని మాటలు నేలమీద పలకల్లో చెక్కారు, వంగి చదవండి. ముందువైపు వీధిలో పోస్టాఫీసు ఉంది. అక్కడ కవరు ఇస్తే ఫ్రాంక్లిన్ సంతకం పద్ధతిలో 'బి. ఫ్రీ ఫ్రాంక్లిన్' అని చేత్తో ముద్ర వేస్తారు.

వెనక నుంచి చెస్ట్‌నట్ స్ట్రీట్‌లోకి వచ్చి థర్డ్ స్ట్రీట్ మీద వాల్‌నట్ వైపు నడవండి. గుండ్రటి స్తంభాల వరసతో మర్చంట్స్ ఎక్స్‌ఛేంజ్ కనపడుతుంది, 1834లో పూర్తయింది. దాని ముందు నుంచి బండరాళ్ల వీధి ఒకటి వంపు తిరుగుతూ నది వైపు పోతుంది. దాని పేరు డాక్ స్ట్రీట్. స్కేలు పెట్టి గీసిన ఊళ్లో ఇదొక్కటి ఎందుకు వంకర పోయింది?

మా మామగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు నేనింకా ఏమీ చెప్పకముందే వాలు చూసి, వంపు చూసి, "ఇది వాగు దారమ్మా, పైన కప్పేశారంతే" అన్నారు. నిజమే. ఇది డాక్ క్రీక్. పెన్ ఈ ఊళ్లో మొదట అడుగుపెట్టింది ఈ వాగు నోటి దగ్గరేనని చెబుతారు. పడవలు లోపలికి రావడానికి వీలుగా ఉండేది. తర్వాత ఒడ్డున చర్మాలు శుద్ధి చేసే టానరీలు వచ్చాయి. ఆ మురికీ కంపూ భరించలేక 1739లో ఫ్రాంక్లిన్, ఇరుగుపొరుగువాళ్లు కలిసి టానరీలని ఊరవతలికి పంపమని అసెంబ్లీకి అర్జీ పెట్టారు. చివరికి 1780ల కల్లా వాగునే విడతలవారీగా కప్పేశారు. నీరు పోయినా దారి మిగిలింది. ఇక్కడ ఓ పది నిమిషాలు కూర్చోండి. నదికి ఇంత దగ్గరగా ఊరు ఎందుకు గుమిగూడిందో, దానికి ఏం మూల్యం చెల్లించిందో ఈ వంపు చూస్తే తెలుస్తుంది.

అక్కణ్నుంచి కార్పెంటర్స్ హాల్ రెండు నిమిషాలు. 1724లో ఏర్పడిన వడ్రంగుల, ఇళ్లు కట్టే మేస్త్రీల సంఘం సొంతానికి కట్టుకున్న హాలు. 1774 సెప్టెంబరులో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే బ్రిటన్ కింద ఉన్న అమెరికా కాలనీల ఉమ్మడి సభ, ఇక్కడే కూర్చుంది. జార్జియా తప్ప పన్నెండు కాలనీల ప్రతినిధులు వచ్చారు. ప్రభుత్వ భవనం ఇస్తామన్నా వద్దని, పనివాళ్ల హాలులో కూర్చున్నారు. లోపల చిన్న గది, పై అంతస్తులో అప్పట్లో ఫ్రాంక్లిన్ పెట్టిన గ్రంథాలయం ఉండేది. జనం తక్కువగా ఉంటారు, ప్రవేశం ఉచితం.

ఇప్పుడు ఇండిపెండెన్స్ హాల్‌కి వెళ్లండి. 1732లో పెన్సిల్వేనియా కాలనీ శాసనసభ కోసం కట్టడం మొదలుపెట్టారు. అసెంబ్లీ గదిలో గైడుగా ఉండే పార్కు రేంజర్ చెప్పేది వింటూ, ఎదురుగా కాస్త ఎత్తులో ఉన్న కుర్చీ మీద కన్నేసి ఉంచండి. 1777లో బ్రిటిష్ సైన్యం ఊరు పట్టుకున్నాక పాత సామానంతా పోయింది. గదిలో మిగతావి ఆ కాలపువే తెచ్చి పెట్టినవి. ఆ కుర్చీ మాత్రం 1787లో రాజ్యాంగ సభకి వాషింగ్టన్ అధ్యక్షత వహించినప్పుడు కూర్చున్నదే. దాని పైభాగంలో సగం సూర్యుడు చెక్కి ఉంటాడు. అది ఉదయిస్తున్న సూర్యుడో అస్తమిస్తున్న సూర్యుడో ఇన్నాళ్లూ తేల్చుకోలేకపోయానని, ఇప్పుడు ఉదయించేవాడేనని తెలిసిందని సభ ముగింపులో ఫ్రాంక్లిన్ అన్నాడు.

వీధి దాటితే గంట. దీనికి టికెట్టు అక్కర్లేదు. 1751లో లండన్‌కి ఆర్డరిచ్చారు, వచ్చాక మోగించి చూస్తే పగిలింది. ఈ ఊరివాళ్లే అయిన పాస్, స్టో 1753లో కరిగించి మళ్లీ పోశారు. వాళ్ల పేర్లు గంట మీద ఉన్నాయి. పెన్సిల్వేనియా స్పెల్లింగులో ఒక ఎన్ తక్కువ ఉంటుంది చూడండి, ఆ రోజుల్లో అలా రాయడమూ ఉంది. వెడల్పుగా కనపడే ఆ చీలిక నిజానికి మరమ్మతు. అంచులు రాసుకోకుండా పగులుని కావాలనే వెడల్పు చేశారు. 1846లో వాషింగ్టన్ పుట్టినరోజుకి మోగించినప్పుడు పగులు ఇంకా పైకి పాకింది, ఆపైన మోగించలేదు. దేశమంతటా అందరికీ స్వేచ్ఛ చాటమన్న బైబిల్ వాక్యం దాని మీద ఉంది. ఆ వాక్యాన్ని చూపించి 1830లలో బానిసత్వ వ్యతిరేకులు దీన్ని లిబర్టీ బెల్ అని పిలవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఇది స్టేట్ హౌస్ గంట.

గంట భవనం పక్కనే, సిక్స్త్, మార్కెట్ స్ట్రీట్ల మూల, వాషింగ్టన్ అధ్యక్షుడిగా నివసించిన ఇంటి స్థలం ఉంది. 2007 తవ్వకాల్లో పునాదులు బయటపడ్డాయి. ఆ ఇంట్లో ఆయన తొమ్మిదిమంది బానిసల్ని ఉంచాడు. 1780 చట్టం ప్రకారం, బయటినుంచి తెచ్చిన బానిస పెన్సిల్వేనియాలో ఆరు నెలలు దాటి ఉంటే స్వేచ్ఛ కోరవచ్చు. అందుకని గడువు నిండకముందే వాళ్లని రాష్ట్రం దాటించి మళ్లీ తీసుకొచ్చేవారు. వాళ్లలో ఓనీ జడ్జ్ 1796లో, ఇంట్లోవాళ్లు భోజనం చేస్తుండగా బయటికి నడిచి వెళ్లి, ఓడెక్కి న్యూ హ్యాంప్‌షైర్ చేరింది. వాషింగ్టన్ మనుషుల్ని పంపినా తిరిగి రాలేదు. గంటని చూసిన వెంటనే ఇక్కడికి రండి.

ఓపిక ఉంటే దక్షిణానికి వెళ్లండి. వాషింగ్టన్ స్క్వేర్ పెన్ ప్లానులోని అయిదు చౌకాల్లో ఒకటి. ఇప్పుడు చక్కటి పార్కు, ఒకప్పుడు దిక్కులేనివాళ్ల శ్మశానం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సైనికులూ, 1793 పచ్చజ్వరం మృతులూ ఇక్కడ ఉన్నారు. ఆ ఏడు దాదాపు 5,000 మంది పోయారు, ఊళ్లో సుమారు పదోవంతు. డబ్బున్నవాళ్లు ఊరొదిలి వెళితే, రిచర్డ్ అలెన్, ఆబ్సలమ్ జోన్స్ నాయకత్వంలో నల్లజాతీయులు రోగులకి సేవచేసి శవాలు మోశారు. తర్వాత వాళ్ల మీదే డబ్బు గుంజారని నింద వేస్తే, 1794లో ఆ ఇద్దరూ లెక్కలతో సహా జవాబు అచ్చు వేయించారు. అదే ఏడు అలెన్ మొదలుపెట్టిన మదర్ బెథెల్ చర్చి సిక్స్త్, లాంబార్డ్ స్ట్రీట్ల దగ్గరుంది. కట్టడం కొత్తదే, నేల మాత్రం అప్పటిదే. అలెన్ సమాధి కింది అంతస్తులో ఉంది. అక్కణ్నుంచి ఎయిత్, పైన్ దాకా వెళితే 1751లో ఫ్రాంక్లిన్, డాక్టర్ థామస్ బాండ్ పెట్టిన పెన్సిల్వేనియా హాస్పిటల్ పాత భవనం, బయటినుంచి చూసినా చాలు.

రెండో రోజు చేతిలో ఉంటే జర్మన్‌టౌన్‌కి వెళ్లండి. 1683లో వచ్చిన జర్మన్, డచ్ కుటుంబాల ఊరది. 1688లో అక్కడి నలుగురు బానిసత్వం తప్పని కాగితం రాసి సంతకాలు చేసి క్వేకర్ల సభకి పంపారు. సభ దాన్ని పై సభకీ, అది ఇంకా పై సభకీ పంపి పక్కన పెట్టింది. ఇక్కడి క్వేకర్ల వార్షిక సభ తన సభ్యులు బానిసల్ని ఉంచుకోకూడదని తీర్మానించింది 1776లో. సెప్టా చెస్ట్‌నట్ హిల్ రైళ్లు రెండూ జర్మన్‌టౌన్ మీదుగానే పోతాయి. జర్మన్‌టౌన్ అవెన్యూ మీది పాత ఇళ్లు అన్ని రోజులూ తెరవరు. ఏది ఎప్పుడు తెరుస్తారో ముందురోజే చూసుకుని బయల్దేరండి.